సీసా మీద ఒక పేరు, లోపల మరో జీవి: మా ల్యాబ్ నియమావళిలో ఏం రాసుకోవాలి?

కొత్త బెంచి (చర్చ మొదలుపెట్టినవారు) · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఏడాదిన్నర క్రితం నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సూక్ష్మజీవశాస్త్ర సహాయ ఆచార్యురాలిగా చేరాను. పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన ప్రయోగశాలను నాకు అప్పగించారు. ఆయన మైనస్ ఎనభై ఫ్రీజర్, ఆయన దగ్గర చేరిన ఇద్దరు పరిశోధక విద్యార్థులు, చాలా ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న ల్యాబ్ అటెండెంటు కూడా దానితోపాటే నా బాధ్యతలోకి వచ్చారు. ల్యాబుకు ఒక లిఖిత నియమావళి తయారు చేద్దామని కూర్చున్నాను గానీ, మొదటి పేజీ పూర్తికాకముందే ఒక సంగతి బయటపడింది.

మా సీనియర్ విద్యార్థిని థీసిస్ అంతా మట్టిలోనుంచి వేరుచేసిన ఒక బాసిల్లస్ సబ్టిలిస్ స్ట్రెయిన్ మీద, అది తయారుచేసే ప్రోటియేజ్ (ప్రోటీన్లను విడగొట్టే) ఎంజైము మీద నడిచింది. దాని మీద రెండేళ్ల కిందట ఒక పేపరు కూడా వచ్చింది. ఆ పేపరు చివరి పేరాలో, ఇది నిరపాయకరమైన జీవి కాబట్టి పశువుల దాణాలో వాడే అవకాశం ఉందని రాశారు. చండీగఢ్‌లోని ఎం.టి.సి.సి. కల్చర్ భాండారానికి ఆ స్ట్రెయిన్‌ను పంపేముందు మా అమ్మాయి, అంటే ఆ విద్యార్థిని, ఫ్రీజర్లో దాచిన గ్లిసరాల్ స్టాక్‌ను మళ్లీ గీత పెట్టి (ప్లేటు మీద పలచగా రాసి పెంచి) చూస్తే, ప్లేటు మీద రెండు రకాల కాలనీలు వచ్చాయి. వేరుచేసి చూడగా ఒకటి బాసిల్లసే గానీ, అది ఎంజైమును పెద్దగా ఇవ్వడం లేదు. దండిగా ఇస్తున్నది రెండోది. సీక్వెన్సు చేయిస్తే అది సూడోమోనాస్ ఎరుజినోసా అని తేలింది. నోట్‌బుక్కులు తిరగేస్తే, స్ట్రెయిన్‌ను గుర్తించిన నాటికి కల్చర్ శుద్ధంగానే ఉందని, తర్వాత ఎప్పుడో సబ్‌కల్చర్ చేస్తున్నప్పుడు (కొత్త ప్లేటుకు మార్చి పెంచుతున్నప్పుడు) కలిసిపోయిందని అనిపిస్తోంది. అంటే పేపరులోని మొదటి రెండు బొమ్మలు నిలబడతాయేమో గానీ, మిగతావి నిలబడవు.

ఆ పేపరుకు కరస్పాండింగ్ రచయిత పాత గైడు గారు. ఫోన్ చేస్తే, "అమ్మా, తేనెతుట్టెను కదపకు, ఆ పిల్ల థీసిస్ సమర్పించి బయటపడనీ" అన్నారు. ప్రీ సబ్మిషన్ సెమినారుకు ఇంకా నాలుగు నెలలుంది. ఆమె ఫెలోషిప్ అయిదేళ్లూ అప్పటికి పూర్తవుతాయి. పత్రికకు ఉత్తరం ఎప్పుడు రాయాలి, ఎవరి పేరుతో రాయాలి, రేపు మరో విద్యార్థికి ఇదే జరిగితే ఏం చేయాలో నియమావళిలో ఎలా పెట్టాలి అన్నవి నా ప్రశ్నలు. నీతిసూత్రాలు నాకు తెలియనివి కావు. ఆచరణ చెప్పండి.


విశ్రాంత ఆచార్యుడు · సోమవారం, రాత్రి 11:05

అమ్మా, ఉత్తరం రాయాలా వద్దా అన్నది మీరు అడగనే లేదు, అందుకు సంతోషం. ఎవరి పేరుతో అన్నదానికి నా జవాబు: కీర్తి ఎవరి ఖాతాలో పడిందో ఉత్తరం కూడా వారి సంతకంతోనే వెళ్లాలి. మన శాస్త్రంలో ఈ ఖాతా ఎప్పుడూ సమంగా నడవలేదు. కీర్తి పైకి వెళ్తుంది, నింద కిందికి దిగుతుంది.

స్ట్రెప్టోమైసిన్ అనే క్షయ మందు సంగతే చూడండి. 1943లో అమెరికాలోని రట్గర్స్‌లో, నేలమాళిగలోని ఒక ల్యాబులో ఆల్బర్ట్ షాట్స్ అనే ఇరవై మూడేళ్ల పరిశోధక విద్యార్థి దాన్ని ఇచ్చే జీవిని వేరుచేశాడు. క్షయ క్రిములతో పని ప్రమాదమని అతనిని అక్కడే ఉంచారు. 1944 జనవరిలో వచ్చిన తొలి పేపరులో షాట్స్, తోటి విద్యార్థిని ఎలిజబెత్ బ్యూజీ, వారి గురువు వాక్స్‌మన్ అనే క్రమంలో మూడు పేర్లున్నాయి. పేటెంటు దగ్గరికి వచ్చేసరికి బ్యూజీ పేరు లేదు. రాయల్టీ తనకు అక్కర్లేదని, అంతా సంస్థకే చెందాలని షాట్స్ చేత సంతకం పెట్టించారు. వాక్స్‌మన్‌కు మాత్రం అందులో వాటా అందుతూనే ఉందని షాట్స్‌కు తర్వాత తెలిసింది. 1950లో కోర్టుకెక్కాడు. రాజీలో అతన్ని సహ ఆవిష్కర్తగా ఒప్పుకుని 3 శాతం రాయల్టీ ఇచ్చారు. వాక్స్‌మన్‌కు 10 శాతం ఉండగా, 7 శాతం ఆ ల్యాబులోని చిన్నా పెద్దా ఇతరులకు పంచారు. 1952లో నోబెల్ వాక్స్‌మన్ ఒక్కరికే వచ్చింది. గురువు మీద దావా వేసినవాడన్న ముద్రతో షాట్స్‌కు పెద్ద ల్యాబుల తలుపులు మూసుకుపోయాయి. రట్గర్స్ అతన్ని పిలిచి పతకం ఇచ్చేసరికి 1994 వచ్చింది.

వాక్స్‌మన్ దొంగ అని నేననను. మట్టిలోని సూక్ష్మజీవుల్లో మందుల్ని క్రమపద్ధతిలో వెతకాలన్న ఆలోచన ఆయనదే. అయినా ఆ ల్యాబులో ఎవరి వాటా ఎంతో ముందే కాగితం మీద పెట్టుకుని ఉంటే కోర్టు మెట్లు ఎక్కవలసిన పని ఉండేది కాదు. మన యల్లాప్రగడ సుబ్బారావు గారి విషయంలోనూ ఇలాంటిదే విన్నాం. ఆయన వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను తర్వాత ఇతరులు మళ్లీ కనిపెట్టవలసి వచ్చిందని, హార్వర్డ్‌లో ఆయనతో పనిచేసిన ఫిస్క్ వాటిని వెలుగులోకి రానివ్వకపోవడమే కారణమని నోబెల్ గ్రహీత హిచింగ్స్ తర్వాతి కాలంలో చెప్పారు.

కాబట్టి పాత గైడు గారికి చెప్పండి: కరస్పాండింగ్ రచయిత అంటే ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే బాధ్యత ఉన్నవాడనే అర్థం. ఈ ఉత్తరం కూడా అందులో భాగమే.


మూడో ఏడు స్కాలర్ · మంగళవారం, ఉదయం 7:20

సర్, మీ మాటలు బాగున్నాయి గానీ, ఆ అమ్మాయి స్థానంలో కూర్చుని ఒకసారి ఆలోచించండి. తప్పును పట్టుకున్నది ఆమె. రెండు అధ్యాయాలు పోయేది కూడా ఆమెవే. నెలకు 42,000 రూపాయలు ఆగిపోయాక హాస్టలు గది ఖాళీ చేయవలసిందీ ఆమే. గైడు గారికి పింఛను వస్తుంది, కొత్త మేడమ్ గారికి జీతం వస్తుంది. ఇదంతా చూసిన జూనియర్ ఏం నేర్చుకుంటాడు? స్టాక్‌ను మళ్లీ గీత పెట్టి చూడకపోవడమే తెలివైన పని అని నేర్చుకుంటాడు. మా ల్యాబులో ఆ పాఠం ఇప్పటికే అందరికీ కంఠతా వచ్చింది.


దూరపు పోస్ట్‌డాక్ · మంగళవారం, ఉదయం 8:15

నేను ఉండేది విదేశంలో, చదివింది విశాఖలో. పై మిత్రుడి కోపంలో న్యాయం ఉంది. అయితే భయాన్ని కొంత విడదీసి చూడాలి. పొరపాటు వేరు, మోసం వేరు. 2012లో ఫ్యాంగ్, స్టీన్, కాసడెవాల్ అనే ముగ్గురు 2,047 ఉపసంహరణలను (ప్రచురించాక వెనక్కి తీసుకున్న పేపర్లను) పరిశీలించి, వాటిలో 67.4 శాతానికి దుష్ప్రవర్తన కారణమని, నిజాయితీగా జరిగిన పొరపాట్లు 21.3 శాతమేనని చెప్పారు. ఫ్యాంగ్, కాసడెవాల్ ఇద్దరూ సూక్ష్మజీవశాస్త్రవేత్తలే. ఉపసంహరణ అనగానే జనం మోసమనుకోవడానికి ఈ నిష్పత్తే కారణం. రచయితలు తామే ముందుకొచ్చి కారణం విప్పి చెప్పినప్పుడు చదివేవారు తేడా గుర్తిస్తారు.

ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కు 2018లో రసాయన నోబెల్ వచ్చింది. ఎంజైములతో బీటా లాక్టమ్‌లను తయారుచేయడం మీద 2019లో తమ బృందం ప్రచురించిన పేపరును 2020 జనవరిలో ఆమే వెనక్కి తీసుకున్నారు. ఫలితాలు మళ్లీ రాలేదు. మొదటి రచయిత నోట్‌బుక్కును పరిశీలిస్తే, కీలక ప్రయోగాలకు ఏ రోజుకారోజు రాసిన నమోదులు, మూల దత్తాంశం కనిపించలేదు. ఆ పేపరు పంపే రోజుల్లో తాను తీరికలేక తన పని సరిగా చేయలేదని ఆమె బహిరంగంగా ఒప్పుకున్నారు. ఆమె మొదట తన తప్పు చెప్పారు, విద్యార్థి పేరు ఎత్తి చూపలేదు. మీ పాత గైడు గారికి ఈ ఉదాహరణ పంపండి.

మరో మాట. మన దేశంలో యు.జి.సి. 2018లో తెచ్చిన నిబంధనలు ప్రధానంగా పాఠ్య చౌర్యం గురించే. 10 శాతం పోలిక దాటిందా లేదా అని సాఫ్ట్‌వేర్ చూసి చెబుతుంది. గ్లిసరాల్ సీసాలో ఏముందో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. 2016లో ఎలిజబెత్ బిక్ తోటివారితో కలిసి 20,621 పేపర్లలోని బొమ్మలను కంటితో పరిశీలించి, 3.8 శాతం పేపర్లలో తేడాలున్నట్టు చూపించారు. కంటికి కనిపించేవే అన్ని ఉన్నాయి. ల్యాబు లోపలి తప్పును లోపలివారే చెప్పాలి.


వార్డు నుంచి ల్యాబుకు · మంగళవారం, మధ్యాహ్నం 1:30

నేను ఆసుపత్రిలో పనిచేసే సూక్ష్మజీవ వైద్యురాలిని. మీరందరూ పేపరు గురించి, థీసిస్ గురించి మాట్లాడుతున్నారు. నాకు మాత్రం ముందు తట్టిన ప్రశ్న వేరు. ఆ సీసా ఇంకెవరి దగ్గరికైనా వెళ్లిందా? పశువుల దాణాకు పనికొస్తుందని పేపరులో రాశారు కదా, అది చదివి ఎవరైనా స్ట్రెయిన్ అడిగి తీసుకున్నారా? తీసుకుని ఉంటే పత్రికకంటే ముందు, ఈ రోజే, వారికి ఫోన్ చేయండి. సూడోమోనాస్ ఎరుజినోసా ఆరోగ్యవంతుణ్ని సాధారణంగా ఏమీ చేయదు గానీ, కాలిన గాయాలున్నవారిని, వెంటిలేటర్ మీద ఉన్నవారిని ఏం చేస్తుందో నేను వారానికోసారైనా చూస్తాను. చాలా యాంటీబయాటిక్స్‌కు అది పుట్టుకతోనే లొంగదు.

రెండో ప్రశ్న. బాసిల్లస్ అనే నమ్మకంతో ఆ కల్చర్‌ను ఎవరెవరు ఎలా పట్టుకున్నారు? నోటితో పిపెట్ చేసే కాలం పోయిందనుకుంటాను. నిరపాయకరమని బీఎస్సీ పిల్లల ప్రాక్టికల్స్‌కు ఇచ్చారా? ప్లేట్లను ఆటోక్లేవ్ చేశాకే (ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపాకే) పారేశారా? 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం ల్యాబు కల్చర్లను అక్కడికక్కడే నిర్జీవం చేశాకే పసుపు సంచిలో వేయాలి. అయినా "ఇది మట్టి బ్యాక్టీరియానే కదా" అనే చోట్ల ఆ నియమం ఎలా సడలిపోతుందో నాకు తెలుసు.

ల్యాబులో జరిగిన తప్పు ల్యాబు గోడలు దాటినప్పుడు దెబ్బ ఎవరికి తగులుతుందో 1978లో బర్మింగ్‌హామ్ చూపించింది. మశూచి ప్రకృతిలో చివరిసారి కనిపించింది 1977 అక్టోబరులో, సోమాలియాలో. ఆ మరుసటి ఏడాది జానెట్ పార్కర్ అనే ఆవిడ అదే వ్యాధితో చనిపోయారు. ఆమె వైరాలజిస్టు కారు, మెడికల్ కాలేజీలో ఫోటోలు తీసే ఉద్యోగి. మశూచి వైరస్ ఉన్న ల్యాబుకు పై అంతస్తులో ఆమె పని. వైరస్ ఆమెను ఏ దారిలో చేరిందన్నది ఇప్పటికీ వివాదమే. ఆ విభాగాధిపతి కూడా ఆ రోజుల్లోనే ప్రాణం తీసుకున్నారు. కింది అంతస్తులో ఏం జరుగుతోందో ఆ ఫోటోగ్రాఫర్‌ను అడిగినవారు గానీ, ఆమెకు చెప్పినవారు గానీ ఉన్నారా? మీ భవనంలో చెత్త తీసుకెళ్లే మనిషికి ఆ పసుపు సంచిలో ఏముందో తెలుసా? నియమావళిలో మొదటి పేజీ అక్కడినుంచి మొదలుపెట్టండి.


క్యూసీ మనిషి · మంగళవారం, సాయంత్రం 6:50

నేను జీనోమ్ వ్యాలీ వైపు ఒక కంపెనీలో నాణ్యతా విభాగంలో ఉన్నాను. విశ్వవిద్యాలయాల వాళ్లు మమ్మల్ని కాగితాల పురుగులంటారు. ఆ కాగితాలలోనే మీ సమస్యకు సగం పరిష్కారం ఉంది.

మా దగ్గర తప్పు రాస్తే ఒక్క గీత కొట్టాలి, కింది అంకె కనిపించేలా ఉంచాలి, పక్కన పొడి సంతకం, తేదీ, కారణం రాయాలి. వైట్‌నర్ దొరికితే ఉద్యోగానికే ఎసరు. రెఫరెన్స్ కల్చర్ వస్తే దానినుంచి ఎన్ని తరాల వరకు సబ్‌కల్చర్ చేయవచ్చో పరిమితి ఉంటుంది, సాధారణంగా అయిదు. ప్రతి కొత్త బ్యాచికి గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియాను రంగు వేసి రెండు జాతులుగా విడదీసే పరీక్ష), శుద్ధత పరీక్ష తప్పనిసరి. బాసిల్లస్ గ్రామ్ పాజిటివ్, సూడోమోనాస్ గ్రామ్ నెగటివ్. పది నిమిషాల పనితో మీ అమ్మాయికి రెండేళ్లు మిగిలేవి.

ఇక ఆ అధ్యాయాలను కాపాడుకునే దారి ఒకటి చెబుతాను. స్టాక్‌లో కొంత తీసి 80 డిగ్రీల వద్ద 10 నిమిషాలు వేడి చేయండి. బాసిల్లస్ బీజాలు (వేడికి తట్టుకునే దాని నిద్రాణ రూపాలు) బతుకుతాయి, సూడోమోనాస్ చస్తుంది. మిగిలిన శుద్ధ కల్చర్‌తో ఎంజైము పరీక్షలు మళ్లీ పెట్టించండి. వచ్చినంతే రాయనివ్వండి, తక్కువ వస్తే తక్కువే రాయాలి. కలుషితం ఎలా పట్టుబడిందన్నదే ఒక అధ్యాయం అవుతుంది.

మా రంగం శుద్ధమైనదని చెప్పుకోవడం లేదు. మందుల కంపెనీ రాన్‌బాక్సీ 2013లో అమెరికాలో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టిందని అందరికీ తెలుసు. అక్కడా కాగితాలకు కొదవ లేదు, కాగితాలే అబద్ధం చెప్పాయి. కానీ దాన్ని బయటపెట్టిన ఉద్యోగికి ఆ దేశ చట్టం ప్రకారం 4.8 కోట్ల డాలర్లకు పైగా వాటా వచ్చింది. మూడో ఏడు స్కాలర్ గారు అడిగింది కూడా ఇదేననుకుంటాను. నిజం చెప్పినవాడికి నష్టం రాకుండా ల్యాబు ముందే ఏం ఏర్పాటు చేసింది?


మీడియా గది · మంగళవారం, రాత్రి 8:30

అయ్యా, అమ్మా, నేను ఒక కళాశాలలో ఇరవై రెండేళ్లుగా మీడియా (సూక్ష్మజీవులను పెంచే ఆహారం) తయారుచేస్తూ, ఆటోక్లేవ్ నడుపుతూ, ప్లేట్లు కడుగుతూ ఉన్నాను. పేపర్లు చదవడం నాకు రాదు గానీ ప్లేట్లు చదవడం వచ్చు. సూడోమోనాస్ ఉన్న ప్లేట్లు మూత తీస్తే ద్రాక్షపండ్ల వాసన వస్తుంది. కొన్నిటికి అగర్ ఆకుపచ్చగా మారుతుంది. ఆ వాసన ఒకసారి తెలిసినవాడు మరిచిపోడు. విద్యార్థులు జోను కొలిచి, ఫోటో తీసి, ప్లేటు సింకు పక్కన పెట్టి వెళ్తారు. దాన్ని ఆఖరున చేతిలోకి తీసుకునేది మేమే.

మేడమ్ గారూ, మీ అటెండెంటును ఎవరైనా అడిగారా?

ఇంకొక సంగతి. ఆటోక్లేవ్ టేపు మీద నల్ల గీతలు రాగానే లోపలిదంతా చచ్చిందని అందరూ అనుకుంటారు. టేపు వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది. సంచులు కుక్కి కుక్కి పెడితే 121 డిగ్రీలు నడుమకు చేరవు. బీజాల సీసా పెట్టి పరీక్షించమని నేను అడిగిన ప్రతిసారీ, బడ్జెట్ లేదన్నారు.


కొత్త బెంచి · బుధవారం, రాత్రి 10:10

మీడియా గది గారూ, నిన్న మీ ప్రశ్న చదివి నిద్ర పట్టలేదు. ఈ ఉదయం మా అటెండెంటును పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. ఆయన చాలాసేపు నేల చూపులు చూసి, తర్వాత చెప్పారు. రెండేళ్ల పైన ఒకరోజు ఆ ప్లేట్లు కడుగుతుంటే ద్రాక్ష వాసన వచ్చిందట. బాసిల్లస్ ప్లేట్లకు అలాంటి వాసన ఉండదని తెలిసి, అప్పటి గైడు గారితో అన్నారట. "నీకు చెప్పిన పని చూసుకో" అన్నారట ఆయన. అప్పటినుంచి ప్లేట్ల గురించి ఎవరితోనూ ఏమీ అనలేదట. పేపరు పత్రికకు వెళ్లింది ఆ తర్వాత మూడు నెలలకు.

అంటే ఈ తప్పు మా అమ్మాయి కంట పడడానికి రెండేళ్ల ముందే ల్యాబులో ఒక మనిషికి తెలుసు. చెప్పాడు కూడా. ఎక్కడా నమోదు కాలేదు.

వార్డు నుంచి గారూ, ఇద్దరు బయటివారు స్ట్రెయిన్ తీసుకున్నట్టు రిజిస్టరులో ఉంది. ఇద్దరికీ ఫోన్ చేశాను. ఒకరు వాడనే లేదట. మరొకరు కోళ్ల దాణా ప్రయోగానికి ఉంచుకున్నారట, ఇంకా మొదలుపెట్టలేదు. ఊపిరి పీల్చుకున్నాను. ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో మాత్రం రెండు సెమిస్టర్లు వాడారు. ఆ సంగతి విభాగాధిపతికి రాతపూర్వకంగా ఇచ్చాను.


విశ్రాంత ఆచార్యుడు · బుధవారం, రాత్రి 11:45

అమ్మా, మీ అటెండెంటు మాట చదివాక నాకు నా ల్యాబు గుర్తుకు వచ్చింది. 1990ల్లో మా ఇంక్యుబేటరు రాత్రిళ్లు కరెంటు పోతే చల్లబడుతోందని మా వాచ్‌మన్ ఒకసారి చెప్పాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ ఏడాది ఎదుగుదల రేఖల్లో కనిపించిన వింత వంపులకు మేము ఒక సిద్ధాంతమే కట్టాం, సెమినారులో చప్పట్లు కూడా కొట్టించుకున్నాం. ప్రచురించలేదు కాబట్టి బయటపడ్డాను. మీ పాత గైడు గారి మీద రాయి వేసే అర్హత నాకు లేదు. తిలా పాపం తలా పిడికెడు.


మూడో ఏడు స్కాలర్ · గురువారం, ఉదయం 7:05

సర్, మీరు ఒప్పుకున్నందుకు గౌరవం పెరిగింది. అయితే ఒక ప్రశ్న. సవరించిన పేపరో, కొత్త పేపరో వస్తే ఆ అటెండెంటు గారి పేరు రచయితల్లో ఉంటుందా?


దూరపు పోస్ట్‌డాక్ · గురువారం, ఉదయం 9:30

వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం రచయితకు నాలుగు షరతులు పెట్టింది. పనిలో గణనీయమైన పాలు ఉండాలి, రాతలోనో సవరణలోనో చేయి ఉండాలి, తుది ప్రతిని ఆమోదించాలి, పని మొత్తానికీ జవాబుదారీ కావాలి. నాలుగూ కలిస్తేనే రచయిత. వాసన చెప్పినందుకు రచయితను చేస్తే అది దయ అవుతుంది, న్యాయం కాదు. కృతజ్ఞతల్లో పేరు పెట్టి, ఆయన ఏం గమనించారో రాయాలి.


మూడో ఏడు స్కాలర్ · గురువారం, ఉదయం 9:52

ఒక్క ప్లేటు కూడా ముట్టని విభాగాధిపతులు ఆ నాలుగు షరతుల్లో ఏది తీర్చి రచయితలవుతున్నారో కూడా చెబితే బాగుండేది. షరతులు కింద ఉన్నవారి దగ్గరే గుర్తుకొస్తాయి.


దూరపు పోస్ట్‌డాక్ · గురువారం, ఉదయం 10:20

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానుకగా ఇచ్చే పేర్లను ఆపాలన్న నియమాన్ని పైనుంచే మొదలుపెట్టాలి. కొత్త బెంచి గారు తన నియమావళిలో తన గురించే ముందు రాసుకుంటే సరిపోతుంది.


వార్డు నుంచి ల్యాబుకు · గురువారం, మధ్యాహ్నం 2:15

సమయం గురించి ఎవరూ తేల్చలేదు. నా అభిప్రాయం: థీసిస్ సమర్పించేదాకా ఆగి తర్వాత పత్రికకు రాస్తే, తప్పని తెలిసీ థీసిస్ ఇచ్చిన మచ్చ ఆ అమ్మాయికే అంటుతుంది. ఇప్పుడు రాస్తే, తప్పు పట్టుకున్న మనిషిగా సెమినారుకు వెళ్తుంది. ఆమెకు మేలు చేస్తున్నామనుకుని ఆలస్యం చేయడమే ఆమెకు ఎక్కువ కీడు. ఇంకో సంగతి, యు.జి.సి. 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి పేపరు ప్రచురణ తప్పనిసరి అన్న షరతును తీసేశారు. మీ విశ్వవిద్యాలయం విడిగా పెట్టుకున్న షరతేమైనా ఉందేమో చూడండి. లేకపోతే పేపరు పోయినా పట్టా పోదు.


క్యూసీ మనిషి · గురువారం, సాయంత్రం 7:00

ఏకీభవిస్తున్నాను. మీ ప్రాజెక్టు నిధుల్లోనుంచి ఆమెను ఆరు నెలలు ప్రాజెక్ట్ అసోసియేటుగా పెట్టుకునే వీలుంటే ఈ వారమే కాగితం కదపండి. నియమావళిలో "తప్పు చెప్పినవారికి రక్షణ ఉంటుంది" అని రాయడం తేలిక. ఆ ఆరు నెలల జీతం ఎక్కడినుంచి వస్తుందో రాయడమే కష్టం.


కొత్త బెంచి · ఆదివారం, సాయంత్రం 5:30

అందరికీ కృతజ్ఞతలు. జరిగింది చెబుతాను.

పాత గైడు గారి ఇంటికి వెళ్లాను. మొదట కోప్పడ్డారు. అటెండెంటు అప్పట్లో చెప్పిన మాట గుర్తుచేస్తే మౌనంగా ఉండిపోయారు. కాఫీ చల్లారిపోయాక, "అలా అన్నట్టు గుర్తులేదు, కానీ అని ఉంటాను" అన్నారు. ఉత్తరం ఆయన పేరుతోనే వెళ్తుంది, ముసాయిదా నేనూ మా అమ్మాయీ రాశాం. ఏ బొమ్మలు నిలబడతాయో, ఏవి నిలబడవో విడివిడిగా రాశాం. సవరణ చాలా, ఉపసంహరణ కావాలా అన్నది సంపాదకులకు వదిలేశాం. ఒక వాక్యం దగ్గర మాత్రం ఆయనతో నాకు ఇంకా కుదరలేదు. కలుషితం గురించి ల్యాబులో ముందే ఒకరు హెచ్చరించారన్న వాక్యం ఉండాలని నేను, అక్కర్లేదని ఆయన. రేపు మళ్లీ వెళ్తాను.

80 డిగ్రీల పద్ధతి పనిచేసింది. శుద్ధమైన బాసిల్లస్ ఇచ్చే ఎంజైము, పేపరులో రాసినదానిలో ఆరో వంతు కూడా లేదు. మా అమ్మాయి ఆ అంకె చూసి ఏడ్చింది, తర్వాత తనే గ్రాఫు గీసింది. ఆరు నెలల జీతానికి నా ప్రాజెక్టులో మానవ వనరుల పద్దు సరిపోదు. రసాయనాల పద్దునుంచి మళ్లించడానికి అనుమతి అడిగాను, వస్తుందో రాదో తెలియదు. ఈ సంగతి ఆమెకు దాచకుండా చెప్పాను.

నియమావళి ముసాయిదాలో ఇప్పటికి ఉన్నవి ఇవి. ప్రతి కొత్త స్టాక్‌కు గ్రామ్ స్టెయిన్ జరుగుతుంది, చేసినవారు కాక మరొకరు చూసి సంతకం పెడతారు. పేపరు మొదలుపెట్టే రోజే ఎవరి పేరు ఎందుకో ఒక కాగితం మీద రాసుకుంటాం, నా పేరుతో సహా. తాము చేసిన తప్పును తామే చెప్పినవారి ఫెలోషిప్ నివేదికలో ఆ సంగతి ప్రతికూలంగా రాయను. ప్లేట్ల గురించి, యంత్రాల గురించి ఎవరేం గమనించినా రాయడానికి మీడియా గదిలో ఒక పుస్తకం ఉంటుంది, సోమవారం సమావేశంలో మొదట దాన్నే చదువుతాం.

ఆ పుస్తకం మా అటెండెంటు ముందు పెడితే ఆయన అడిగింది ఒక్కటే: "నేను రాసింది తప్పని తేలితే తిడతారా అమ్మా?" తిట్టనని అన్నాను. ఆయన నమ్మినట్టు కనిపించలేదు.


మీడియా గది · ఆదివారం, రాత్రి 8:05

ఒకటి రెండుసార్లు ఆయన రాసింది తప్పవనీయండి మేడమ్, అప్పుడు తెలుస్తుంది ఆయనకు. పుస్తకం మాత్రం స్పైరల్‌ది వద్దు, పేజీ చింపినా జాడ ఉండదు. కుట్టిన రిజిస్టరు కొనండి, రాయడం మొదలుపెట్టకముందే పేజీలన్నిటికీ నంబర్లు వేయించండి. దాన్ని సింకుకు దూరంగా ఒక మేకుకు తగిలించి, పక్కన పెన్నును దారంతో కట్టండి. పెన్ను లేకపోతే ఎవరూ రాయరు.